సంతానం కొరకు మందులు – ధర అడుగుట దోషమా?

దశరథ మహారాజు పుత్రకామేష్టి చేసిన కథ తెలుగునాట వినని వారు లేరు. ముదిమి మీదపడిన తరువాత తనకొక వారసుని ప్రసాదించమని జకరియ్యా ప్రవక్త ఏకాంతంలో, ఎవరికీ వినబడని గొంతుతో ప్రభువును వేడుకొన్న వృత్తాంతం ఖురాన్ చదివే ప్రతి ఇంటా తెలిసినదే. ఒకరు చక్రవర్తి, మరొకరు ప్రవక్త. ఇరువురి గుండెలోని వేదన మాత్రం ఒక్కటే. బిడ్డ కొరకు తపించడం సిగ్గుపడవలసిన విషయం కాదని మన రెండు సంప్రదాయాలూ ఏనాడో అంగీకరించాయి.

అయితే నేటి పుత్రకామేష్టి యాగశాలలో జరగడం లేదు. మందుల దుకాణం ముందు జరుగుతున్నది. దశరథునికి కోసల దేశపు ధనాగారం ఉన్నది. నేటి గుమాస్తాకు, బడిపంతులుకు, ఆటో నడిపే యువకునికి నెల జీతమో, దినకూలియో మాత్రమే ఉన్నది. ఆ కొద్దిపాటి ధనంతో వారు సంతానౌషధాలను ఎట్లు కొనుచున్నారు? ఎట్లు కొనవలెను? ఎక్కడ అనవసరంగా నష్టపోతున్నారు? ఈ వ్యాసంలో నేను చర్చింపదలచినది ఇదే.

కళాశాల వార్షిక సంచికలో ఇటువంటి విషయమా అని కొందరు పెద్దలు కనుబొమలు ముడివేయవచ్చు. ఈ సంచిక చదివే విద్యార్థినీ విద్యార్థులు నాలుగైదు సంవత్సరాలలో గృహస్థులు కానున్నారు. మన పాలకవర్గ సభ్యులలో పలువురు తమ తమ వాడలలో కుటుంబ తగవులు పరిష్కరించే పెద్దలు. పిల్లలు కలగలేదన్న కారణంతో ఎన్ని కాపురాలు తమ ముంగిటికి వస్తున్నాయో వారికి తెలియనిది కాదు. కావున ఈ విషయం మనది కాదని తప్పించుకొనే వీలు మనలో ఎవరికీ లేదు.

ముందుగా సమస్య పరిమాణమేమిటో చూతము. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించిన అంచనా ప్రకారం ప్రపంచంలోని వయోజనులలో ఇంచుమించు ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమిని ఎదుర్కొనుచున్నారు. ఇది అరుదైన శాపం కాదు. మధుమేహం వలె, రక్తపోటు వలె ఇంటింటి వ్యాధి. కాని మధుమేహానికి లభించే ఆసరా దీనికి లేదు. మన దేశంలో ఆరోగ్య బీమా పాలసీల ప్రామాణిక మినహాయింపుల పట్టికలో వంధ్యత్వ చికిత్స 17వ మినహాయింపుగా నమోదై ఉన్నది. పేదల కొరకు 2018లో ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ పథకం కూడా సంతాన సాఫల్య చికిత్సలను తన పరిధిలో చేర్చుకొనలేదు. అనగా మొదటి మాత్ర నుండి చివరి సూది వరకు ప్రతి పైసా దంపతుల జేబులోనుంచే రావలెను. జేబు చాలనప్పుడు మెడలోని గొలుసు, అదీ చాలనప్పుడు వడ్డీ వ్యాపారి.

ఇంత ఖర్చు తప్పనప్పుడు కొనేవాడు ధర గురించి జాగ్రత్త పడవలెను గదా? జరుగుతున్నది దీనికి విరుద్ధం. పెండ్లి చీర కొనడానికి నాలుగు దుకాణాలు తిరిగే కుటుంబం, కూరగాయల బజారులో అర్ధరూపాయి వద్ద వాదించే గృహస్థుడు, సంతానౌషధాల చీటీ చేతికి రాగానే మౌనం దాల్చుచున్నాడు. చీటీని నలుగురు చూడకుండా మడిచి జేబులో పెట్టుకొని, ఆసుపత్రిలోనే ఉన్న దుకాణంలో అడిగినంత చెల్లించి తలవంచుకొని వచ్చుచున్నాడు. కారణం సిగ్గు. పక్క వీధి దుకాణదారునకు సంగతి తెలియునేమోనన్న జంకు. బిడ్డ విషయంలో బేరమాడితే అపశకునమేమోనన్న భయం. ఈ మౌనమే మందుల వ్యాపారానికి పెట్టుబడి అయినది. అడగనిదే అమ్మయినా పెట్టదని మన సామెత. అడగని వానికి మందుల దుకాణదారుడు తగ్గించి ఇచ్చునని ఎట్లు ఆశింతుము?

నా అభిప్రాయంలో అన్నిటికంటె పెద్ద పొదుపు మందుల దుకాణంలో లేదు. ఎవరికి పరీక్ష చేయించవలెనన్న నిర్ణయంలో ఉన్నది. సంతానలేమి కేసులలో సుమారు సగభాగంలో పురుషునిలోని లోపం ఏకైక కారణంగానో, పాక్షిక కారణంగానో ఉన్నదని వైద్యశాస్త్రం చెప్పుచున్నది. పురుషునికి చేయవలసిన మొదటి పరీక్ష వీర్య పరీక్ష. దానికి సూదులు లేవు, మత్తు లేదు, ఖర్చు కొన్ని వందల రూపాయలు. అయినను మన ఇండ్లలో ఆ పరీక్ష చిట్టచివరకు జరుగుచున్నది. మా బంధువర్గంలోని ఒక దంపతుల విషయమే తీసుకొందము. భార్య నాలుగు సంవత్సరాలు ముగ్గురు వైద్యుల వద్ద మందులు మింగినది. సూదులు పొడిపించుకొన్నది. దర్గాలకు మ్రొక్కినది. భర్తకు రెండవ నికాహ్ చేయవలెనన్న మాట కూడ ఇంటిలో పుట్టినది. చివరకు ఒక వైద్యురాలు పట్టుబట్టి భర్తకు పరీక్ష చేయించగా లోపం అతనిలో తేలినది. ఆ నాలుగు సంవత్సరాల మందుల ఖర్చు నిష్ప్రయోజనమైన ఖర్చు. ఆమె పడిన మాటలకు మాత్రం ఏ రశీదులోనూ లెక్క లేదు.

కావున ఒక సంవత్సరంపాటు కలిసి కాపురం చేసినను గర్భం రానప్పుడు, భార్య వయస్సు 35 దాటితే ఆరు మాసాలకే, దంపతులిరువురూ ఒకేసారి పరీక్ష చేయించుకొనవలెను. ఇక్కడ న్యాయమూ పొదుపూ ఒకే మాట పలుకుచున్నవి. రోగం లేని మనిషికి కొన్న మందు ఎంత చవకదైనను దుబారాయే.

రెండవ పొదుపు మందు అసలు పేరు తెలిసికొనడంలో ఉన్నది. అండం సక్రమంగా విడుదల కాని స్త్రీలకు, ముఖ్యంగా అండాశయంలో నీటి బుడగలని మన వాళ్ళు చెప్పుకొనే పి.సి.ఓ.ఎస్. ఉన్నవారికి, వైద్యులు మొదట ఇచ్చేవి నోటి మాత్రలు. వీటిలో క్లోమిఫిన్ 1960ల నుండి వాడుకలో ఉన్నది. లెట్రోజోల్ మొదట రొమ్ము క్యాన్సరు కొరకు తయారైనది. ఈ రెండవ మందు చరిత్ర మన దేశంలో ఒక పాఠం. 2011లో కేంద్ర ప్రభుత్వం సంతానలేమికి దీనిని వాడరాదని నిషేధించినది. 2014లో అమెరికాలో 750 మంది పి.సి.ఓ.ఎస్. స్త్రీలపై జరిపిన అధ్యయనం ఫలితాలు వెలువడినవి. క్లోమిఫిన్ వాడినవారిలో 19.1 శాతం మంది, లెట్రోజోల్ వాడినవారిలో 27.5 శాతం మంది సజీవ శిశువులను ప్రసవించినట్లు తేలినది. 2017లో మన ప్రభుత్వం ఆ నిషేధాన్ని తొలగించినది. నేడు పి.సి.ఓ.ఎస్. ఉన్నవారికి వైద్యులు మొదట ఎంచుకొనే మందు ఇదే. ఇది వేల రూపాయల సూది కాదు, చిన్న మాత్ర. ఖరీదు పెరిగినకొద్దీ గుణం పెరుగునన్న భ్రమకు ఇంతకంటె మంచి జవాబు లేదు.

ఈ మాత్రలనే పది కంపెనీలు పది ముద్దుపేర్లతో అమ్ముచున్నవి. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకొనే విద్య ఇది. లోపలి రసాయనం ఒక్కటే, అట్టపెట్టె మీద ధర వేరు. వైద్యులు మందుల అసలు పేర్లను, అనగా జెనరిక్ పేర్లను, స్పష్టమైన అక్షరాలతో వ్రాయవలెనని వైద్య వృత్తి నియమావళికి 2016లో చేసిన సవరణ చెప్పుచున్నది. కాబట్టి "డాక్టరు గారూ, దయచేసి మందు అసలు పేరు కూడ వ్రాయండి" అని వినయంగా కోరడం అమర్యాద కాదు. అది మన హక్కు. ఆ పేరు చేతనుంటే జన ఔషధి కేంద్రంలో విచారించవచ్చును. 2008లో ఆరంభమైన ఈ పథకం క్రింద నేడు దేశమంతటా 15 వేలకు పైగా కేంద్రాలు ఉన్నవి. పేరుగాంచిన బ్రాండ్లతో పోల్చితే ఇక్కడి ధరలు 50 నుండి 90 శాతం వరకు తక్కువ. అన్ని మందులూ అన్ని కేంద్రాలలో దొరకవు. సూదిమందుల విషయంలో ఇది మరింత నిజం. కాని అడగడానికి పైసా ఖర్చు లేదు. జాతీయ ఔషధ ధరల ప్రాధికార సంస్థవారి 'ఫార్మా సహీ దామ్' అనే చరవాణి సాధనంలో మందు పేరు వ్రాస్తే, అదే మందును ఏ ఏ కంపెనీలు ఎంతకు అమ్ముచున్నవో కనబడుతుంది. చరవాణిలో చలనచిత్రాలు చూడటం తెలిసిన మన విద్యార్థులకు ఇది నిమిషం పని.

ఇక సూదిమందుల సంగతి. టెస్ట్ ట్యూబ్ శిశు చికిత్స ఒక విడతకు లక్ష రూపాయలు దాటడం సర్వసాధారణమైనది. అందులో బరువైన భాగం అండాశయాలను ఉత్తేజపరచే గొనాడోట్రోపిన్ సూదులదే. ఇవి ప్రధానంగా రెండు రకాలు. ఒకటి, ముట్లుడిగిన స్త్రీల మూత్రంనుండి శుద్ధి చేసి తీసినది. దీని పుట్టుక ఇటలీలో. తొలి రోజులలో అక్కడి క్రైస్తవ మఠాలలోని వృద్ధ సన్యాసినుల మూత్రమే దీనికి ముడిసరుకు. బిడ్డలను కనని ఆ పుణ్యస్త్రీలు లోకంలోని ఎందరో బిడ్డల పుట్టుకకు తోడ్పడినారు. రెండవది 1995లో విపణికి వచ్చినది. చైనా హామ్‌స్టర్ అనే చిన్న ఎలుకజాతి జంతువు కణాలలో మానవ జన్యువును చేర్చి ప్రయోగశాలలో తయారుచేసినది. ఇది సాధారణంగా ఎక్కువ ఖరీదైనది. కొత్తది గనుక మేలైనదని పలువురి నమ్మకం. కాని కాక్రేన్ సంస్థవారు అనేక అధ్యయనాలను ఒకచోట కూర్చి 2011లో ప్రచురించిన సమీక్షలో, సజీవ జననాల విషయంలో ఈ రెండింటికీ చెప్పుకోదగిన భేదం కనబడలేదు. లభ్యత, సౌకర్యం, ధర చూచి ఎంచుకొనవచ్చునని వారి నిర్ణయం. అటువంటప్పుడు "నాకు మూత్రంనుండి తీసిన రకం సరిపడదా?" అని వైద్యుని అడగడం ప్రతి దంపతుల కర్తవ్యం. సరిపడదని వైద్యుడు కారణం చెప్పితే వినవలెను. కారణం చెప్పకుండా కసరుకొంటే మరొక వైద్యుని వెదకవలెను.

మోతాదు విషయంలోనూ ఒక అపోహ ఉన్నది. ఎన్ని ఎక్కువ యూనిట్లు పొడిస్తే అంత మంచిదని. పిండి కొద్దీ రొట్టె అన్న సామెత వంటింట్లో నిజమే గాని అండాశయంలో నిజం కాదు. నెదర్లాండ్స్ వైద్యులు 2017లో ప్రచురించిన ఒక పెద్ద పరిశోధనలో, అండాలు తక్కువగా వచ్చునని ముందే ఊహింపబడిన స్త్రీలకు దినమునకు 150 యూనిట్లకు బదులు 225 లేక 450 యూనిట్లు ఇచ్చిననూ బిడ్డలు పుట్టే అవకాశం పెరగలేదు. ఖర్చు మాత్రం పెరిగినది. దినమునకు 300 యూనిట్లు మించి ఇచ్చుట సిఫారసు చేయదగినది కాదని ఐరోపా వైద్య సంఘపు మార్గదర్శకాలు 2019లో చెప్పినవి. 1978 జూలై 25న ఇంగ్లండులో పుట్టిన మొదటి టెస్ట్ ట్యూబ్ శిశువు లూయీ బ్రౌన్ ఈ ఉత్తేజపు సూదులేవీ లేకుండ, సహజంగా ఎదిగిన ఒకే ఒక్క అండంనుండి పుట్టినది. అదే సంవత్సరం అక్టోబరు 3న కలకత్తాలో పుట్టిన మన దేశపు మొదటి టెస్ట్ ట్యూబ్ శిశువు విషయంలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ గొనాడోట్రోపిన్ సూదులు వాడినారు. అండాలను ఎక్కువగా రాబట్టడం వలన అవకాశం పెరుగునని అనుభవం చూపినది గనుక సూదులు మానుమని నేను చెప్పుట లేదు. కాని "ఇంత మోతాదు నాకెందుకు?" అన్న ప్రశ్న అడగదగినదే.

మరొక నూతన మార్గం కూడ ఉన్నది. సూదుల కాలంలో అండాలు ముందుగానే విడుదల కాకుండా ఆపడానికి వేరొక ఖరీదైన సూది ఇచ్చుట వాడుక. 2015లో షాంఘై వైద్యులు దానికి బదులుగా చవకైన ప్రొజెస్టిన్ మాత్రలు వాడి మంచి ఫలితాలు చూపినారు. పిండాలను అప్పటికప్పుడు గర్భంలో ఉంచకుండ శీతలీకరించి, తరువాత ఉంచే పక్షంలోనే ఈ పద్ధతి పనికివచ్చును. శీతలీకరణకు వేరే ఖర్చు ఉన్నది గనుక లెక్క రెండు వైపులా వేసి చూడవలెను. మొత్తం ఖర్చు చూడకుండా ఒక్క మందు ధర మాత్రమే తగ్గినదని సంతోషించుట పొదుపు కాదు.

కొనుగోలులో పాటించవలసిన కొన్ని జాగ్రత్తలు చెప్పెదను. అట్టపెట్టె మీది ఎమ్మార్పీ గరిష్ఠ ధర. అంతకు మించి అమ్మరాదు గాని అంతకు తగ్గించి అమ్మవచ్చును. ఒకే కంపెనీ, ఒకే సూది, రెండు దుకాణాలలో రెండు ధరలకు దొరకడం వింత కాదు. ధర నియంత్రణ జాబితాలో లేని మందుల ఎమ్మార్పీని తయారీదారు 12 మాసాలలో 10 శాతానికి మించి పెంచరాదని 2013 నాటి ఔషధ ధరల నియంత్రణ ఉత్తరువు చెప్పుచున్నది. 2025 సెప్టెంబరు 22 నుండి 12 శాతం జి.ఎస్.టి. ఉన్న మందులలో అధిక భాగానికి అది 5 శాతానికి తగ్గినది. పన్నుతో కలిపి రూ. 1,120 పలికిన మందు ఈ లెక్కన రూ. 1,050 కావలెను. పాత అట్టపెట్టెల మీది అంకె చూపి పాత ధరే వసూలు చేయుచున్నారా అని చూచుకొనవలెను. ప్రతి కొనుగోలుకు రశీదు తీసుకొనవలెను.

సూదులన్నీ మొదటిరోజే కొనరాదు. ఒక ఉదాహరణ చూడండి. దినమునకు 225 యూనిట్ల చొప్పున పది దినాలకు 75 యూనిట్ల సీసాలు 30 కావలెను. ఐదు దినాల తరువాత స్కానింగు చూచి వైద్యుడు మోతాదును 150కి తగ్గించినాడనుకొందము. అప్పుడు చాలునది 25 సీసాలే. మిగిలిన ఐదు సీసాల సొమ్ము వృథా. శీతల పేటికలో ఉంచవలసిన మందులను ఒకసారి అమ్మిన తరువాత దుకాణదారులు సాధారణంగా తిరిగి తీసుకొనరు. కనుక స్కానింగు వరకు సరిపడేవి మొదట కొని, మిగిలినవి తరువాత కొనుట మేలు. సీసా పరిమాణం కూడ మోతాదుకు సరిపడునట్లు చూచుకొనవలెను. కలిపిన మందులో సగం పారబోయుట డబ్బు పారబోయుటే.

ఆసుపత్రిలోని దుకాణంలోనే కొనవలెనని నిర్బంధించినచో ఏమి చేయవలెను? జాతీయ మానవ హక్కుల సంఘం 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రం, మందులు ఎక్కడ కొనవలెనో ఎంచుకొనే స్వేచ్ఛ రోగిదేనని పేర్కొన్నది. ఈ నిర్బంధం విషయమై దాఖలైన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2025 మార్చిలో తానుగా ఉత్తరువులివ్వక, రాష్ట్ర ప్రభుత్వాలే విధానం రూపొందించవలెనని చెప్పినది. అనగా ప్రశ్నించే భారం ఇంకను పౌరునిమీదనే ఉన్నది. 2021 నాటి సహాయక పునరుత్పత్తి సాంకేతిక చట్టం ప్రకారం, చికిత్సవల్ల కలిగే లాభనష్టాలను, ఖర్చును, ప్రమాదాలను, ఫలించే అవకాశాలను దంపతులకు ముందే వివరించుట కేంద్రాల విధి. చట్టం చెప్పుమన్న ధరను అడుగుటకు మనకు సిగ్గెందుకు?

పొదుపు పేరుతో జరిగే అనర్థాలు కూడ కొన్ని ఉన్నవి. వాటిని గురించి హెచ్చరించకుంటే ఈ వ్యాసం అసంపూర్ణం. ఇతరులకు మిగిలిపోయిన సూదులను చేతులు మార్చి కొనరాదు. లైసెన్సు లేనివారు మందులమ్ముట నేరం. పైగా ఆ సీసా ఎన్ని దినాలు ఎండలో ఉన్నదో, శీతల పేటిక ఎన్నిసార్లు ఆగినదో ఎవరు చెప్పగలరు? చాల గొనాడోట్రోపిన్లను 2 నుండి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచవలసి ఉన్నది. పాడైన మందు రంగు మారదు, వాసన రాదు, పనిచేయదు, అంతే. అట్లే డబ్బు కొరకు స్వయంగా మోతాదు తగ్గించుకొనుట, మధ్యలో ఒకరోజు మానివేయుట మొత్తం విడతనే నాశనం చేయును. చీటీ లేకుండ క్లోమిఫిన్ కొని మింగుట మరీ ప్రమాదం. కవల గర్భాలు రావచ్చును. ఈ ఉత్తేజపు మందులవల్ల అండాశయాలు అతిగా ఉబ్బి ప్రాణంమీదికి రావచ్చును. వైద్యుని రుసుము మిగిల్చి ఆసుపత్రిలో పడక ఖర్చు తెచ్చుకొనుట ఏమి తెలివి? ఫలితం రుజువుకాని అదనపు మందులూ, సూదులూ మరొక ఉచ్చు. బ్రిటనులోని నియంత్రణ సంస్థ ఇటువంటి అదనపు చికిత్సలకు రుజువును బట్టి తరగతులు నిర్ణయించి ప్రజలకు తెలియజేయుచున్నది. మన దేశంలోనూ అటువంటి పట్టిక దేశభాషలలో రావలెను.

చవక మందు నాసిరకమేమో, బిడ్డ విషయంలో ప్రయోగాలెందుకని కొందరి ఆక్షేపణ. ఇది తోసివేయదగినది కాదు. సూదుల విషయంలో ఒక తయారీకీ మరొక తయారీకీ తేడా ఉండవచ్చును గనుకనే వైద్యునితో సంప్రదించి మార్చవలెనని నా వాదం, దుకాణదారుని మాటమీద కాదు. మాత్రల విషయంలో అంత భయం అక్కరలేదు. జన ఔషధి మందులను గుర్తింపు పొందిన ప్రయోగశాలలలో పరీక్షించిన తరువాతనే కేంద్రాలకు పంపుచున్నారు.

మరికొందరు ఇదంతా విధివ్రాత, మందులతో దైవనిర్ణయాన్ని ఎదిరింపవచ్చునా అందురు. భార్యాభర్తల మధ్యనే జరిగే టెస్ట్ ట్యూబ్ చికిత్స ధర్మసమ్మతమేనని అల్ అజ్‌హర్ పండితులు 1980లోనే తీర్పు చెప్పినారు. వైద్యం చేయించుకొనుట విశ్వాసానికి విరుద్ధం కాదు. కాని అప్పులపాలై, భార్య ఒంటిమీది చివరి నగ కూడ అమ్మి, పది విడతలు చేయించుకొనవలెనని కూడ ఏ ధర్మం చెప్పలేదు. ఎన్ని విడతలు, ఎంత ధనం, ఎక్కడ ఆగవలెను అన్నది చికిత్సకు ముందే దంపతులిరువురూ కూర్చుండి నిర్ణయించుకొనవలెను. ఆగుట కూడ గౌరవప్రదమైన నిర్ణయమే.

ప్రభుత్వ బాధ్యతను కూడ విస్మరింపరాదు. 2023 అక్టోబరులో సికింద్రాబాదు గాంధీ ఆసుపత్రిలో ప్రభుత్వ సంతాన సాఫల్య కేంద్రం ప్రారంభమైనది. ఇది మంచి అడుగు. కాని కేంద్రం తెరచుట వేరు, అందులో సూదులు నిరంతరం అందుబాటులో ఉంచుట వేరు. కేంద్రం ఉండి మందులు బయట కొనవలసివస్తే పేదవానికి మిగిలినది సగం భవనమే. రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ఉచిత వైద్య పథకాలలో కనీసం పరీక్షలు, నోటి మాత్రలు, ఒక విడత సూదులు చేర్చవలెనని నా విన్నపం.

ప్రభుత్వం చేయువరకు మనం ఊరకుండవలెనా? పాలకవర్గమువారికి మూడు మనవులు. మొదటిది, అధ్యాపకులకు, సిబ్బందికి సామూహిక బీమా తీసుకొనేటప్పుడు సంతానలేమి చికిత్సను చేర్చుమని బీమా సంస్థతో బేరమాడవలెను. ఒంటరి మనిషికి తిరస్కరించినదానిని సమూహానికి అంగీకరించే అవకాశమున్నది. రెండవది, సిబ్బంది సహాయ నిధినుండి ఈ చికిత్సకు వడ్డీలేని అప్పు, మన ఖర్జె హసనా, గోప్యంగా ఇచ్చే ఏర్పాటు చేయవలెను. మూడవది, సంవత్సరానికొకసారి ఒక వైద్యురాలిని, ఒక ఔషధ నిపుణుని పిలిపించి, బాలురకూ బాలికలకూ ఉపన్యాసం ఇప్పించవలెను. బాలురను తప్పక కూర్చుండబెట్టవలెను. వీర్య పరీక్ష మగతనానికి అవమానం కాదని ఇరవై ఏండ్ల వయస్సులో వినని వాడు ముప్పది ఏండ్లకు వినడు.

విద్యార్థి మిత్రులకు ఒక్క పని. రసాయనశాస్త్రం చదివేవారు మందుల అసలు పేర్లను, వాణిజ్యశాస్త్రం చదివేవారు వాటి ధరలను సేకరించి, ఉర్దూలోనూ తెలుగులోనూ ఒక చిన్న పట్టిక తయారుచేసి గ్రంథాలయంలో ఉంచండి. ఇంగ్లీషు అట్టపెట్టె చదవలేని అమ్మలకు, అక్కలకు, ఆపాలకు అది దీపమై నిలుచును. వాడలోని ఒక కాపురంలోనైనా మందుల అప్పు కొంత తగ్గినదంటే, ఒక కోడలిమీది నింద ఒక్కటి తొలగినదంటే, మనం చదివిన చదువు సార్థకం.

బిడ్డ వెలకట్టలేని వరమే. కాని ఆ వరం పేరుచెప్పి అమ్మే ప్రతి సీసాకూ వెల ఉన్నది. ఆ వెలను తల ఎత్తుకొని అడుగుట మన హక్కు.